పొగ తాగే గది

పొగ ఆరోగ్యానికి హానికరమని నాతో చెప్పిన పెద్దమనుషుల్లో చాలామందికి అగ్గిపెట్టె అందించింది నేనే. సోమందేపల్లె దగ్గర, హైవే పక్కన ఉన్న ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో పదేళ్ల పైచిలుకు సప్లయర్‌గా పనిచేశాను. తొంభైల చివర్లో వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. మా నాయన వేసిన చెనిక్కాయ పైరు ఊడలు దిగకముందే మాడిపోయింది. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం మధ్యలో వదిలేసి ఆ పనిలో చేరాను. కరువు పనికి పోయి ఎండలో మట్టి మోయడం కన్నా ఏసీ గదిలో పళ్లేలు మోయడం మేలనుకున్నాను. ఆ ఏసీ గదిలో ఇంకేముంటుందో ఆలోచించే తెలివి అప్పటికి లేదు.

ఆ చుట్టుపక్కల ఏసీ హాలు ఉన్న మొదటి బారు తనదేనని మా ఓనరుకు మహా గర్వం. పన్నెండు టేబుళ్లు, బయటికి ఒకే ఒక్క తలుపు. చల్లదనం బయటికి పోకుండా కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టించాడు. చల్లదనంతో పాటు పొగ కూడా ఎటూ పోయేది కాదు. పదకొండుకు తలుపు తీస్తే, మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఎదుటి గోడ మీది క్యాలెండరు కనిపించేది కాదు. లారీల ఓనర్లు, మండీ వ్యాపారులు, కాంట్రాక్టర్లు, పెనుకొండ కోర్టు వకీళ్లు, ఆఫీసుల్లో సంతకం పెట్టి బయటపడినవాళ్లు, అందరూ అక్కడికే వచ్చేవాళ్లు. దేశం ఎందుకు బాగుపడటం లేదో రోజూ తేల్చి చెప్పేవాళ్లు. నేను వాళ్ల బూడిద పళ్లేలు ఖాళీ చేస్తూ వినేవాణ్ని.

నాకు బీడీ గాని సిగరెట్ గాని అలవాటు లేదు. అదేమీ గొప్ప కాదు. కాలేజీలో ఒకసారి ప్రయత్నించి వాంతి చేసుకున్నాను, మళ్లీ దాని జోలికి పోలేదు. అయినా చేరిన నాలుగో ఏట దగ్గు పట్టుకుంది. ఇంటికి రాగానే నా భార్య, "ఆ చొక్కా బయటే ఇడ్సు. పొయ్యిలో పడి లేసినోని మాదిరి వాసనొస్తాండావు" అనేది. చివరికి తనే నన్ను హిందూపురం తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించింది.

డాక్టరు నా వీపు మీద గొట్టం పెట్టి రెండుసార్లు ఊపిరి పీల్చమన్నాడు.

"రోజుకు ఎన్ని పెట్టెలు?" అన్నాడు.

"అలవాటు లేదు సార్."

ఆయన నా వైపు చూడను కూడా లేదు. నా భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఎన్ని తాగుతాడు?"

"ఒగటి గూడా తాగడు సార్. బారులో పని చేస్తాడు."

"ఆఁ, అదీ సంగతి" అని నవ్వి, చీటీ మీద రెండు రకాల మాత్రలు రాశాడు. వాటి కింద పొగా మందూ వెంటనే మానాలని రాసి, రెండు గీతలు కూడా కొట్టాడు. బస్సులో నా భార్య ఆ చీటీ చూసి చూసి, "ఈయప్ప చదివినాడేమో గాని వినేది మాత్రం నేర్చుకోలేదు" అంది. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలి? మరుసటి రోజు పదకొండుకు మళ్లీ హాల్లోనే ఉన్నాను.

ఆ బారు మొత్తంలో ఊపిరి ఆడే చోటు ఒక్కటే ఉండేది. వంటగది వెనకాల చిన్న గది. దానికి తూర్పు వైపు కిటికీ, కిటికీలోంచి గుట్ట మీది గాలి. ఉల్లిగడ్డల మూటలు, మా బట్టల సంచులు, ఒక పొడుగాటి బల్ల. నలుగురు సప్లయర్లు, గిన్నెలు తోమే ఇద్దరు ఆడవాళ్లు, వంట మాస్టరు, అందరం మధ్యాహ్నం పూట వంతుల వారీగా అక్కడ కూర్చుని తినేవాళ్లం.

మాస్టరుది చిలమత్తూరు వైపు ఒక పల్లె. ఆదివారం పొద్దున చర్చికి పోయి, ఆ తెల్ల చొక్కాతోనే పనికి వచ్చేవాడు. బోటీ వేపుడులో ఆయన చేతికి తిరుగులేదు. దానికోసమే ధర్మవరం నుంచి కూడా కార్లు వచ్చేవి. ఆయన బీడీలు బాగా తాగేవాడు. అయితే ఎంత పని ఒత్తిడిలో ఉన్నా పెరటి చివరనున్న వేపచెట్టు కిందికి నడిచిపోయి, అక్కడి బండ మీద కూర్చుని తాగి, చేతులు కడుక్కుని వచ్చేవాడు. ఎందుకన్నా అంత దూరం అని ఒకసారి అడిగితే, "ఆడోళ్లు ఉండారు, మీరు అన్నాలు తింటాంటారు, కూర ఉండాది. మనకు పట్టిన దరిద్రం మన కాడే ఉండల్ల" అన్నాడు. చట్టం రాకముందే ఆ కాంపౌండులో చట్టం ప్రకారం నడుచుకున్నది ఆ బీడీల మనిషి ఒక్కడే.

ఒకసారి పుట్టపర్తి నుంచి బెంగళూరు పోతున్న ఒక విదేశీ ముసలామె టాక్సీ ఆపించి భోజనానికి వచ్చింది. హాలు తలుపు తీయగానే ముక్కు మూసుకుని, పొగ లేని టేబులు కావాలని ఇంగ్లీషులో అడిగింది. అలాంటి టేబులు ఒకటి ఉంటుందని నేను వినడం అదే మొదలు. ఏం చేయాలో తోచక మా వెనక గదిలోకి తీసుకుపోయి, ఉల్లిగడ్డల మూటల పక్కన కూర్చోబెట్టి అన్నం, పప్పు పెట్టాను. ఆమె కిటికీలోంచి గుట్టను చూస్తూ నిదానంగా తిని, నాకు దండం పెట్టి వెళ్లింది. ఓనరు మాత్రం నెల రోజులు ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించాడు. "బారుకొచ్చి పొగ వద్దనిందంటప్పా! సముద్రానికి పోయి నీళ్లు వద్దన్నట్ల!"

తర్వాత కొన్నేళ్లకు గవర్నమెంటే ఆ ముసలామె మాట అంది. రెండు వేల ఎనిమిదిలో, గాంధీ జయంతి నుంచి ఆఫీసుల్లో, హోటళ్లలో, బారుల్లో పొగ తాగకూడదని పేపర్లో పడింది.

ఆ వారం మా హాల్లో జరిగినంత చర్చ అసెంబ్లీలో కూడా జరిగి ఉండదు. ఒక వకీలు రోజూ మూడో టేబులు దగ్గర కూర్చుని స్వేచ్ఛ గురించి మాట్లాడేవాడు. "ఇది మనిషి ప్రాథమిక హక్కు మీద దెబ్బ" అని సిగరెట్ పట్టుకున్న చెయ్యి ఎత్తేవాడు. బూడిద నా పళ్లెంలోని చెనిక్కాయల మీద రాలేది. మండీ వ్యాపారి ఒకాయన, "ఆరోగ్యం కావాలన్నోడు బారుకెందుకొస్తాడు? ఇంట్లో కూసోని మజ్జిగ తాగల్ల" అనేవాడు. హైస్కూలు సార్ ఒకాయన చట్టానికి పూర్తి మద్దతు ఇచ్చాడు. ఇలాంటి చట్టం ఎప్పుడో రావలసిందని, పిల్లలు చెడిపోతున్నారని వాపోయాడు. చివరన నన్ను పిలిచి ఒక సిగరెట్ పెట్టె తెమ్మన్నాడు.

ఒక్కరైనా నా వైపు తిరిగి, "నీకెట్లుంటాదప్పా ఈ పొగలో?" అని అడగలేదు. పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డ మనిషికి కూడా ముక్కు ఉంటుందని వాళ్లకు తట్టలేదు.

గాంధీ జయంతి రానే వచ్చింది. ఆ రోజు దేశమంతటా బారులకు సెలవు. కాబట్టి మా బారులో ఆ చట్టం ఆ ఒక్కరోజు తు.చ. తప్పకుండా అమలయింది.

మరుసటి వారం ఒక మధ్యాహ్నం చుట్టుపక్కల ఊళ్ల బారు ఓనర్లందరూ మా హాల్లో మీటింగు పెట్టుకున్నారు. చట్టం గురించి వివరించడానికి ఆరోగ్య శాఖ నుంచి ఒక కుర్ర ఉద్యోగి కాగితాల కట్టతో వచ్చాడు. అతను మాట్లాడటం మొదలుపెట్టేసరికే పది సిగరెట్లు వెలిగాయి. పాపం, అతను కళ్లు తుడుచుకుంటూ చదివాడు. పెద్ద హోటళ్లయితే పొగ తాగేవాళ్లకు వేరే గది పెట్టుకోవచ్చట, ఆ గదిలో ఏదీ వడ్డించకూడదట.

"వడ్డించకుండా ఉత్త గదిలో కూసోని పొగ పీలిస్తే బారుకు రావడమెందుకు సార్, బస్టాండులో కూసోవచ్చు కదా" అని ఒక ఓనరు అంటే అందరూ నవ్వారు.

కుర్రవాడు పట్టు వదల్లేదు. "మీ కస్టమర్ల సంగతి సరే సార్. పనిచేసేవాళ్ల సంగతి? రోజంతా ఇదే గాలి పీలుస్తారు కదా వాళ్లు?"

మా ఓనరు అటూ ఇటూ చూసి, సోడాలు పంచుతున్న నన్ను చూపించాడు.

"ఇదో, ఈయప్ప పదేండ్ల నుంచి ఈడే పని చేస్తాండాడు. ఏమైందంట? గుండ్రాయి మాదిరి ఉండాడు. ఏమప్పా, నీకేమన్నా అయిందా? చెప్పు సార్‌కు."

సరిగ్గా అప్పుడే నాకు దగ్గు వస్తోంది. గొంతులో గరగర మొదలైంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఎండిపోయిన బోరు, మంచం పట్టిన నాయన కళ్ల ముందు కదిలారు. దగ్గును పళ్ల మధ్య బిగబట్టి, "బాగుండాను సార్" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కుర్రవాడు నా మొహం చూశాడు. అతనికి అర్థమయిందని నాకు తెలుసు. తల దించుకుని కాగితం తిప్పాడు. నేను సోడాల డబ్బా పట్టుకుని వంటగదిలోకి పోయి, నీళ్ల తొట్టి మీదికి వంగి, పేగులు నోట్లోకి వచ్చేదాకా దగ్గాను.

మాస్టరు పొయ్యి దగ్గర నుంచి చూశాడు. "ఏమడిగినారు?" అన్నాడు. చెప్పాను. "నువ్వేమన్నావు?" చెప్పాను. ఆయన ఒక గ్లాసు వేడినీళ్లు నా చేతిలో పెట్టి మళ్లీ గంటె తీసుకున్నాడు. ఆ రోజు ఆ హాల్లో ఉన్న అందరినీ అసహ్యించుకున్నాను. వాళ్లందరి కన్నా నన్ను నేను ఎక్కువ అసహ్యించుకున్నాను.

మీటింగు తర్వాత మా ఓనరు చట్టాన్ని అమలు చేశాడు. హాలు గోడ మీద 'పొగ త్రాగరాదు' అని బోర్డు పెట్టించాడు. మా వెనక గది ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, దాని తలుపు మీద 'పొగ తాగే గది' అని రాయించాడు. తనిఖీకి వస్తే చూపించడానికి. కస్టమర్లు ఎవరూ అటువైపు తొంగి చూడలేదు. మందూ ముక్కా హాల్లో పెట్టుకుని పొగ కోసం ఉల్లిగడ్డల గదికి లేచి పోయేదెవరు? వాళ్లు ఎప్పటిలాగే బోర్డు కిందే కూర్చుని తాగారు. మేం మాత్రం ఆ గదిలోకి పోకూడదు, అది ఎప్పుడూ శుభ్రంగా కనిపించాలి. తాళం కూడా వేయించాడు. జనరేటర్ పక్కన, మురుగు కాలవ ఒడ్డున నిలబడి తినడం మొదలుపెట్టాం. అంత పెద్ద బారులో పొగ లేని గది ఏదయ్యా అంటే, పొగ తాగే గది.

తనిఖీ ఒక బుధవారం వచ్చింది. ముందుగా ఫోనొచ్చింది కాబట్టి బూడిద పళ్లేలన్నీ దాచి, వాటి చోట స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి పెట్టాం. ఒక ఆఫీసరు, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. బోర్డు చూశారు, గది చూశారు, శభాష్ అన్నారు. తర్వాత ఆఫీసరు ఏసీకి దగ్గరి టేబులు దగ్గర కూర్చుని, బోటీ వేపుడు, బిర్యానీ చెప్పి, సిగరెట్ వెలిగించాడు. నేనే స్టీలు గ్లాసు ఆయన ముందుకు జరిపాను.

బోటీ తింటూ తింటూ ఓనరుతో అన్నాడు. "ఒక్క కేసైనా రాయకుండా పోతే పైవాళ్లు ఒప్పుకోరు. ఎవరినైనా చూపించు."

ఓనరు హాలంతా చూశాడు. వకీలు మీద రాయగలడా? వ్యాపారుల మీద రాయగలడా? చివరికి లేచి, వంటగది తలుపులోంచి పెరటి వైపు చూశాడు. వేపచెట్టు కింద మాస్టరు బీడీ తాగుతున్నాడు. కానిస్టేబులు పోయి ఆయన్ను పిలుచుకొచ్చాడు.

మాస్టరుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నిదానంగా అడిగాడు. "నేను చెట్టు కింద తాగినా సార్. చుట్టూ ఎవురూ లేరు. దానికి కేసేంది?"

"కాంపౌండు లోపలే కదా? పబ్లిక్ ప్లేసే" అన్నాడు ఆఫీసరు, పొగ వదులుతూ. కానిస్టేబులు చలానా పుస్తకం తెరిచాడు.

"కట్టేయప్పా, గమ్మునుండు. నేనిస్తాలే" అని ఓనరు గొణిగాడు.

మాస్టరు భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లవాడిలా నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. ఆయన అట్లా నిలబడటం నేను ఓర్చుకోలేకపోయాను. నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"సార్, పుస్తకం ఎట్లాగూ తెరిచినారు కదా. మీదీ ఒగటి రాయండి."

ఆఫీసరు తన వేళ్ల మధ్యనున్న సిగరెట్ వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"నేనిప్పుడు డ్యూటీలో లేను. భోజనంలో ఉన్నాను" అన్నాడు.

"నేను గూడా డ్యూటీలో లేను సార్. చెట్టు కింద ఉన్నా" అన్నాడు మాస్టరు.

మూడో టేబులు దగ్గర వకీలు ఉన్నాడు. ప్రాథమిక హక్కుల వకీలు. ఆయన తన ప్లేటులోని కోడికాలు మీద నుంచి తల ఎత్తలేదు. చలానా రాశారు. మాస్టరు వేలిముద్ర వేయకుండా, పొందికగా సంతకం పెట్టాడు. వంటగదిలోకి పోయి మూడు పొయ్యిలూ ఆర్పేశాడు. చర్చి చొక్కా లాంటి తెల్ల చొక్కా వేసుకుని, సంచి తీసుకుని, హైవే దాటి బస్సెక్కి పోయాడు. ఆఫీసరుగారి బిర్యానీ సగం ఉడికి ఆగిపోయింది.

ఓనరు నన్ను వంటగదిలోకి లాగి, "నీకు నోరెప్పుడొచ్చిందప్పా?" అన్నాడు. తీసేస్తాడనుకున్నాను. కానీ మాస్టరు లేని రోజు సప్లయరును కూడా పోగొట్టుకునేంత ధైర్యం ఆయనకు లేకపోయింది.

ధాబా నుంచి తెచ్చిన కొత్త వంటవాడు నాలుగు రోజులు వండాడు. బోటీ రబ్బరులా సాగింది. రోడ్డుకు అవతలున్న బారుకు అందరికన్నా ముందు మారిపోయింది వకీలే. అయిదో రోజు పొద్దున ఓనరు కారు తీసి, ఇల్లు నాకు తెలుసు కాబట్టి నన్ను ఎక్కించుకుని మాస్టరు పల్లెకు బయల్దేరాడు.

మాస్టరు గొర్రెల దొడ్డికి కంప కడుతున్నాడు. మమ్మల్ని చూసి మంచం వాల్చాడు, ఆయన భార్య చెంబుతో నీళ్లిచ్చింది. ఓనరు కాసేపు వానల గురించి, ధరల గురించి మాట్లాడి, చివరికి అన్నాడు.

"జరిగిందేదో జరిగింది. రా మాస్టరూ. ఆ ఫైన్ దుడ్లు నేనిస్తా, జీతం గూడా పెంచుతా."

"దుడ్ల మాట నేనెత్తలేదు కదన్నా."

"మరేం గావల్ల?"

"మా రూము మాకు గావల్ల. ఆడోళ్లు కాలవ కాడ నిలబడి అన్నం తింటాండారు, ఎవురికన్నా బాగుంటాదా? ఇంగొగటి. హాల్లో కిటికీ చెక్కలు పీకి, గాలి బయటికి పోయే ఫ్యాను పెట్టించు. ఈయప్ప దగ్గుతాంటే నీకు ఇనపడదా?"

ఓనరు నా వైపు తిరిగి చూశాడు. పదేళ్లలో నన్ను అంత సేపు చూడటం అదే మొదటిసారి. "చెక్కలు పీకితే చల్లదనం పోతాది" అన్నాడు.

"పోనీ. చల్లదనం గావల్నా, బోటీ గావల్నా, నువ్వే చెప్పు."

అదీ అక్కడ తేలిన చర్చ. గవర్నమెంటు చట్టం, పేపర్లు, మీటింగు, బోర్డు, ఇవేవీ చేయలేని పనిని బోటీ వేపుడు చేసింది. మరుసటి రోజు గది తాళం తెరుచుకుంది. తలుపు మీది రాత తుడిపితే తనిఖీకి ఇబ్బందని ఓనరు దాన్ని అట్లాగే ఉంచాడు. మేం 'పొగ తాగే గది'లో కూర్చుని సంగటి తిన్నాం. హాల్లో ఒక కిటికీ చెక్కలు పీకి పెద్ద ఫ్యాను పెట్టారు. అది లోపలి పొగనంతా నేరుగా వేపచెట్టు వైపే ఊదేది. మాస్టరు రెండు రోజులు చూసి, తన బండను కాంపౌండు గోడ దాకా దొర్లించుకుపోయాడు.

ఫ్యాను వల్ల నా దగ్గు కొంత తగ్గింది గానీ పోలేదు. ఇంకో ఏడాది ఉండి మానేశాను. నా భార్య తన తమ్ముడితో మాట్లాడి, పెనుకొండలో ఒక చిన్న జిరాక్సు కొట్టు చూపించింది. చెబితే ఓనరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఏసీలో కూర్చోబెట్టి ఇన్నేళ్లు పోషిస్తే, మిషను వేడిలోకి పోతానంటావేమని బాధపడ్డాడు. ఆయన బాధలో నటన లేదు. అందుకే నాకు నవ్వొచ్చింది.

కొట్టు పెట్టిన మరుసటి ఎండాకాలం మాస్టరు వచ్చాడు. కూతురికి నర్సింగులో సీటొచ్చిందట, ఆమె సర్టిఫికెట్లు జిరాక్సు తీయాలి. ఆమె రోజూ పోట్లాడుతుండటంతో బీడీలు నాలుగుకు తగ్గించానని చెప్పాడు. కాగితాలు ఒక్కొక్కటే అందిస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ పొద్దు ఆఫీసరును అట్లా అనేస్తివే. భయం కాలేదా నీకు?"

"అయింది అన్నా. పని పోతాదనుకున్నా."

"నాకు గూడా అయిందిలే" అని నవ్వి, కాగితాలు కవరులో పెట్టుకున్నాడు. టీ తాగమంటే వినలేదు. పన్నెండు దాటితే ఆర్డర్లు మొదలవుతాయంటూ, సోమందేపల్లె మీదుగా పోయే హిందూపురం బస్సు కోసం రోడ్డు దాటాడు.